తాళంచెవి చేతికిచ్చే ముందు

పల్లెల్లో సైకిలు కనబడటం అరుదైపోయింది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఏ ఊరికి వెళ్ళినా ఇంటి ముందు అరుగు పక్కన మోటారు సైకిలు నిలబడి ఉంటున్నది. బావి దగ్గరికి సద్ది పోవాలన్నా, పాలకేంద్రానికి పాలు పోవాలన్నా, ఆసుపత్రికి ముసలమ్మను తీసుకుపోవాలన్నా బండే దిక్కు. రెక్కల కష్టం కొంత తగ్గింది. పట్నం దగ్గరైంది. ఇది సంతోషించదగిన మార్పే. దీన్ని ఎవరూ కాదనరు.

అయితే బండి ఇంటికి వచ్చినంత తొందరగా బండి నడిపే చదువు ఇంటికి రాలేదు. కంపెనీవారు బండి అమ్ముతున్నారు. ఫైనాన్సువారు అప్పు ఇస్తున్నారు. బంకులో పెట్రోలు పోస్తున్నారు. రోడ్డు మీద ఎలా మసలుకోవాలో పిల్లవాడికి నేర్పేవారు మాత్రం ఎవరూ లేరు. చేతికందిన కొడుకు పోయాడని ఊరంతా ఏడ్చే రోజులు తరచుగా వస్తుండటానికి ఈ లోటే ముఖ్య కారణం.

బ్యాలెన్సు వస్తే చాలా?

పల్లెలో కుర్రవాడు బండి నేర్చుకునే తీరు అందరికీ తెలిసిందే. చిన్నప్పుడు తండ్రి ముందు ట్యాంకు మీద కూర్చుని హ్యాండిలు పట్టుకుంటాడు. ఎనిమిదో తరగతికో తొమ్మిదో తరగతికో వచ్చేసరికి పొలం దాకా బండి తెచ్చే పని పడుతుంది. అన్నో, చిన్నాయనో వెనక కూర్చుని ఇది క్లచ్చు, ఇది గేరు, ఇది బ్రేకు అని చూపిస్తాడు. రెండు రోజుల్లో బండి కింద పడకుండా నిలుస్తుంది. మూడో రోజు "మా పోరడు మస్తు నడుపుతుండు" అని ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. అంతటితో చదువు పూర్తయినట్టే.

ఆ పిల్లవాడికి వచ్చింది బ్యాలెన్సు మాత్రమే. అది సైకిలు తొక్కిన ప్రతివాడికీ వస్తుంది. రానిది అంతకంటె పెద్దది. ఊరి తోవ పెద్ద రోడ్డులో కలిసే చోట పూర్తిగా ఆగి కుడివైపు, ఎడమవైపు, మళ్ళీ కుడివైపు చూడాలని అతనికెవరూ చెప్పలేదు. ముందుపోయే లారీకి ఎంత ఎడం ఉండాలో చెప్పలేదు. ఎదుటి బండి వస్తున్నప్పుడు లైటు దించాలని చెప్పలేదు. మలుపులో ఓవర్‌టేక్ చేయరాదని చెప్పలేదు. వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే బండి జారుతుందని, ముందు బ్రేకు, వెనక బ్రేకు రెండూ కలిపి మెల్లగా పట్టాలని చెప్పలేదు. పైగా సోకు కోసం అద్దాలు రెండూ ఊడదీసి ఇంట్లో పెడితే పెద్దవాళ్ళు చూస్తూ ఊరుకున్నారు. అద్దం లేని బండి నడిపేవాడు వెనక నుంచి వచ్చే బస్సును చూడకుండానే పక్కకు తిరుగుతాడు. ఆ తర్వాత తప్పు బస్సుదని గొడవ.

కోడెదూడకున్న శిక్షణ కొడుక్కేదీ?

ఒక్క విషయం రైతులు ఆలోచించాలి. కోడెదూడను ఎవరూ ఒక్కరోజులో అరకకు కట్టరు. ముందు మెడ మీద కాడి అలవాటు చేస్తారు. అనుభవమున్న ముసలి ఎద్దుకు జోడుగా కడతారు. ఉత్త కాడితో కొన్ని రోజులు తిప్పుతారు. తర్వాత మెత్తటి దుక్కిలో నడిపిస్తారు. బండికి కట్టే రోజు వచ్చినప్పుడు కూడా మొదట బరువు లేకుండా కడతారు. సంత రోజున, జనం మధ్యకు తోలుకుపోవడం చివరి మాట. ఇంత జాగ్రత్త ఎందుకంటే దూడ బెదిరితే కాలు విరుగుతుందని, బండి బోల్తా పడుతుందని రైతుకు తెలుసు.

ఆ రైతే పదిహేనేళ్ళ కొడుకు చేతికి నూరు కిలోలకు పైబడిన ఇనుప యంత్రం ఇచ్చి, "పోయి ఎరువు బస్తా తీసుకురా" అని మండల కేంద్రానికి పంపుతున్నాడు. ఎద్దుకైతే తోవ తెలుసు. అది గుంతను చూసి ఆగుతుంది, రాత్రివేళ యజమాని నిద్రపోయినా ఇల్లు చేరుస్తుంది. మోటారుకు ఆ జ్ఞానం లేదు. ఎంత తిప్పితే అంత ఉరుకుతుంది. దానికి ఉండవలసిన తెలివి అంతా నడిపేవాడి తలలోనే ఉండాలి. ఆ తెలివి పుట్టుకతో రాదు, నేర్పితే వస్తుంది.

తమాషా ఏమిటంటే మోటారు వాహనాల నియమాలు కూడా ఈ రైతు పద్ధతినే చెబుతున్నాయి. లర్నింగ్ లైసెన్సు తీసుకున్నవాడు బండికి ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం కట్టుకోవాలి. కారు నేర్చుకునేవాడి పక్కన లైసెన్సున్న గురువు కూర్చోవాలి. మోటారు సైకిలు నేర్చుకునేవాడు నేర్పేవారిని తప్ప మరొకరిని వెనక ఎక్కించుకోరాదు. కనీసం 30 రోజులు ఇలా నేర్చుకున్నాకనే అసలు లైసెన్సు పరీక్షకు వెళ్ళాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఉన్న మాటలివి. ముసలి ఎద్దుకు జోడు కట్టడమంటే ఇదే. పల్లెల్లో ఎల్ పలక కట్టిన మోటారు సైకిలు ఎంతమందికి కనబడింది?

లెక్కలు చెప్పే నిజం

కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2022 సంవత్సరానికి ప్రకటించిన లెక్కలు చూస్తే గుండె చెరువవుతుంది. ఆ ఒక్క ఏడాదిలో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. అంటే గంటకు 19 మంది. తెలంగాణలో ఆ ఏడాది చనిపోయినవారు 7,559 మంది. దేశంలో చనిపోయిన ప్రతి నూరు మందిలో 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద పోయేవారే. నూటికి 66 మందికి పైగా 18 నుంచి 45 ఏళ్ళ మధ్య వయసువారు. ఇల్లు నిలబెట్టవలసిన వయసది. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలే 9,528 మంది చనిపోయారు.

ప్రమాదాలు పట్నాల్లోనే జరుగుతాయని పల్లెవాసులు అనుకుంటారు. అది భ్రమ. ఆ ఏడాది మరణాల్లో నూటికి 68 గ్రామీణ ప్రాంతాల్లోనే జరిగాయి. పట్నంలో బండ్లు కిక్కిరిసి మెల్లగా కదులుతాయి. పల్లె రోడ్డు ఖాళీగా ఉంటుంది, కుర్రవాడి చేయి ఆగదు. నూటికి 71 మరణాలు మితిమీరిన వేగం వల్ల జరిగినవేనని ఆ నివేదికే చెబుతున్నది.

వేగమంటే ఏమిటో కూడా లెక్క వేసుకోవచ్చు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. అంటే దాదాపు ఒక ఆర్టీసీ బస్సు పొడవు. 80 కిలోమీటర్ల వేగమైతే 22 మీటర్లు, రెండు బస్సుల పొడవు. గేదె అడ్డం వచ్చిందని కన్ను చూసి, మనసు గ్రహించి, చేయి బ్రేకు పట్టేలోగా ఆ సెకను గడిచిపోతుంది. అప్పటికి బ్రేకు ఇంకా పని మొదలుపెట్టనే లేదు. బ్రేకు పట్టిన తర్వాత బండి ఆగే దూరం వేగం రెట్టింపయితే రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. పదో తరగతి భౌతికశాస్త్రం చదివే పిల్లవాడికి ఈ లెక్క అర్థం కాకపోదు. పరీక్షకు ఉపయోగపడే లెక్కలు చెప్పే బడిలో ప్రాణానికి ఉపయోగపడే ఈ లెక్క కూడా ఒక పూట చెప్పవచ్చు.

హైవే ఊరి బజారు కాదు

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి చౌటుప్పల్, చిట్యాల, నార్కెట్‌పల్లి, కట్టంగూర్, నకిరేకల్, సూర్యాపేట, మునగాల, కోదాడల మీదుగా సాగుతున్నది. పూర్వం దీనిని 9వ నంబరు రోడ్డు అనేవారు. నాలుగు వరుసలు అయిన తర్వాత రోడ్డు సాఫీ అయింది, దానితోపాటు వేగమూ పెరిగింది. నార్కెట్‌పల్లి నుంచి నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా అద్దంకి పోయే రోడ్డూ అలాంటిదే. ఈ రోడ్ల పక్కన ఊళ్ళున్నవారికి అవతలి పక్కన పొలాలున్నాయి. బడులున్నాయి, బంధువులున్నారు. రోజుకు నాలుగుసార్లు రోడ్డు దాటక తప్పదు.

సినిమావాళ్ళ కుటుంబంలో జరిగిన రెండు ప్రమాదాలు ఈ జిల్లా ప్రజలకు గుర్తుండే ఉంటాయి. 2014 డిసెంబరు 6న మునగాల మండలం ఆకుపాముల వద్ద కారు, ట్రాక్టరు ఢీకొన్న ప్రమాదంలో నందమూరి జానకిరామ్ చనిపోయారు. 2018 ఆగస్టు 29న ఆయన తండ్రి నందమూరి హరికృష్ణ నల్లగొండ సమీపంలోని అన్నెపర్తి వద్ద కారు బోల్తాపడి చనిపోయారు. ఆయనే కారు నడుపుతున్నారు. సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. పేరు, డబ్బు, ఖరీదైన కారు ఏవీ అడ్డుపడలేదు. అంతటివారినే విడిచిపెట్టని రోడ్డు అద్దాలు లేని మోటారు సైకిలును విడిచిపెడుతుందా?

పల్లెవాసులు ఎక్కువగా చేసే తప్పు ఒకటున్నది. డివైడరు ఎక్కడ తెరిచి ఉందో అక్కడిదాకా పోయి మళ్ళి రావడానికి బద్ధకించి, కిలోమీటరు దూరం కలిసి వస్తుందని ఎదురు దిక్కున పోతారు. "గింత దూరమే కదా" అంటారు. ఆ గింత దూరంలోనే ఎదురుగా గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో కారు వస్తుంటుంది. సంక్రాంతి ముందు రోజుల్లో పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల దగ్గర బారులు తీరే వేలాది కార్లు ఆ తర్వాత ఈ ఊళ్ళ మీదుగానే దూసుకుపోతాయి. వాటిని నడిపేవారు కూడా చాలామంది పండుగకు ఇంటికి పోయే తొందరలో ఉన్న యువకులే. ఇద్దరి తొందరా ఒకచోట కలిస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ట్రాక్టరు కూడా మోటారు వాహనమే

ట్రాక్టరుకు లైసెన్సు అక్కరలేదన్నట్టుగా పల్లెల్లో వ్యవహారం నడుస్తున్నది. మీసం రాని పిల్లలు సైతం ట్రాక్టరు ఎక్కి పాటలు పెట్టుకుని రోడ్డు మీదికి తెస్తున్నారు. ట్రాలీకి వెనక ఎర్ర లైటు ఉండదు. చీకట్లో రోడ్డు పక్కన నిలిపిన పత్తి ట్రాలీ, వడ్ల ట్రాలీ వెనక నుంచి వచ్చే మోటారు సైకిలుకు కనబడదు. కొద్దిపాటి ఖర్చుతో అంటించే ఎర్ర రేడియం స్టిక్కరు ఒక కుటుంబాన్ని నిలబెట్టగలదు.

ఇక ట్రాలీలో కూలీలను ఎక్కించడం మరీ ప్రమాదం. 2018 ఏప్రిల్ 6న పీఏపల్లి మండలం వద్దిపట్ల వద్ద కూలీల ట్రాక్టరు కాల్వలో పడి 9 మంది చనిపోయారు. మూడు నెలలైనా గడవకముందే, జూన్ 24న, వలిగొండ మండలం వేములకొండ సమీపంలో మరో ట్రాక్టరు మూసీ కాల్వలో పడింది. 15 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో అత్యధికులు పొద్దున్నే పనికి బయలుదేరిన మహిళా కూలీలు. స్టీరింగు ముందు కూర్చునే యువకుడి చేతిలో తన ప్రాణమొక్కటే లేదు. ఊరిలోని అక్కలు, అత్తలు, వదినెల ప్రాణాలన్నీ ఉన్నాయి. ట్రాలీ సరుకు కోసం చేసినది, మనుషుల కోసం కాదు. ఈ మాట ట్రాక్టరు యజమానులు, గుత్త కూలీల పెద్దలు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో రోడ్డు సగం కల్లమవుతున్నది. వడ్లు పోసి, కవర్లు కప్పి, చుట్టూ బండరాళ్ళు పెడుతున్నారు. రాత్రి ఆ రాయి తగిలి పడేది మళ్ళీ రైతు బిడ్డే. కల్లాలు చాలకపోవడం నిజమే. దానికి పంచాయతీవారు, అధికారులు స్థలం చూపవలసి ఉన్నది. అంతవరకు కనీసం రాళ్ళు పెట్టకపోవడం రైతుల చేతిలో పని.

హెల్మెటు ఎవరి కోసం?

పోలీసులు కనబడితే పెట్టుకోవడానికి, లేనప్పుడు మోచేతికి తగిలించుకోవడానికి హెల్మెటు కొనేవారే ఎక్కువ. 2022లో హెల్మెటు లేకుండా చనిపోయినవారు దేశంలో 50,029 మంది. వీరిలో 14,337 మంది వెనక కూర్చున్నవారు. నాణ్యమైన హెల్మెటు సరిగా పెట్టుకుంటే చనిపోయే ముప్పు దాదాపు 40 శాతం, తలకు తీవ్ర గాయమయ్యే ముప్పు దాదాపు 70 శాతం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2021 సెప్టెంబరు 10న హైదరాబాదులో సినీ నటుడు సాయిధరమ్ తేజ్ మోటారు సైకిలు జారి పడి తీవ్రంగా గాయపడ్డారు. చాలా రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. కోలుకుని మళ్ళీ సినిమాల్లో నటించారు. హెల్మెటు ఉండటం వల్లే బతికానని ఆయనే బహిరంగంగా చెప్పారు. హీరో బండి నడిపే స్టయిలును అనుకరించే కుర్రకారు ఆయన తల మీద ఉన్నదాన్ని కూడా అనుకరిస్తే బాగుంటుంది. గదవ కింద పట్టీ బిగించని హెల్మెటు దెబ్బ తగలకముందే ఎగిరిపోతుందని, ఐఎస్ఐ ముద్ర లేని రోడ్డు పక్కన టోపీ గుడ్డు పెంకు లాంటిదని కూడా తెలుసుకోవాలి.

తాగి నడపడం గురించి వేరే చెప్పాలా? నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే నేరమని చట్టం అంటున్నది. పెళ్ళి బరాతులో, దావత్‌లో, దురాజ్‌పల్లి పెద్దగట్టు, చెర్వుగట్టు జాతరల నుంచి వచ్చే దారిలో ఒక్కో బండి మీద ముగ్గురేసి, నలుగురేసి ఊగుతూ వచ్చే దృశ్యాలు మామూలైపోయాయి. సెల్‌ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మెడ వంచి నడపటం కొత్తగా వచ్చిన జాడ్యం. వీటిని మొగతనంగా చూసే పద్ధతి పోవాలి. తాగిన స్నేహితుడి చేతిలోంచి తాళంచెవి గుంజుకున్నవాడే అసలైన మొగాడు, అసలైన దోస్తు.

చట్టం ఏమంటున్నది?

18 ఏళ్ళు నిండనిదే గేరు బండికి లైసెన్సు లేదు. 16 ఏళ్ళకు లైసెన్సు వస్తుందన్నది 50 సీసీ లోపు గేరులేని బండ్లకే. ఈ రోజుల్లో ఆడపిల్లలు కాలేజీకి నడిపే పెట్రోలు స్కూటీలు, పొలానికి వాడే మోపెడ్లు దాదాపు అన్నీ 50 సీసీ దాటినవే. కనుక "స్కూటీయే కదా" అనే మాట చెల్లదు.

2019లో పార్లమెంటు మోటారు వాహనాల చట్టాన్ని సవరించింది. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే తండ్రి లేదా బండి యజమాని దోషి అవుతాడు. తనకు తెలియకుండా జరిగిందని రుజువు చేసుకోలేకపోతే మూడేళ్ళదాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఆ బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. డ్రైవరు ఉద్యోగం చేసుకుని బతుకుదామన్నా ఆ తలుపు అన్నేళ్ళు మూసుకుపోతుంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యంతో ఒకరి చావుకు కారణమైతే అయిదేళ్ళదాకా శిక్ష ఉన్నది.

అంతకంటె పెద్ద దెబ్బ మరొకటున్నది. బండికి ఇన్సూరెన్సు ఉన్నది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. నడిపినవాడికి లైసెన్సు లేకపోతే, దెబ్బతిన్నవారికి పరిహారం చెల్లించిన ఇన్సూరెన్సు కంపెనీ ఆ సొమ్మును బండి యజమాని నుంచి రాబట్టుకోవచ్చు. సంపాదించే మనిషి చనిపోయిన కేసుల్లో ట్రిబ్యునళ్ళు విధించే పరిహారం లక్షల్లో ఉంటుంది. తాతల నాటి రెండెకరాలు ఒక్క సాయంత్రపు షికారుకు పోతాయి. ఎరువు బస్తా తేవడానికి ఇచ్చిన తాళంచెవి పొలం పాసుపుస్తకానికే చేటు తేవచ్చు.

తప్పంతా పిల్లలదేనా?

కుర్రకారును తిట్టిపోస్తే సరిపోదు. పిల్లవాడికి బండి ఎందుకిస్తున్నారని అడిగితే తల్లిదండ్రులు చెప్పే మాటలో నిజమున్నది. కాలేజీ పది పన్నెండు కిలోమీటర్ల దూరం. ఉదయం పూట బస్సు రాదు, వచ్చినా ఎక్కడానికి చోటుండదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవారికి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఆడపిల్లల చదువుకు అది మేలే. కాని బస్సే రాని ఊరికి ఉచితం ఉండి ఏమి లాభం? కాలేజీ గంటకు ముందు ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు క్రమం తప్పకుండా నడిపితే ఎన్నో తాళంచెవులు ఇళ్ళలోనే ఉంటాయి. ఆర్టీసీ అధికారులు ఈ విషయం ఆలోచించవలసి ఉన్నది.

లైసెన్సు ఇచ్చే పద్ధతిలోనూ లోపమున్నది. లర్నింగ్ లైసెన్సు పరీక్షలో నూటికి 60 మార్కులు వస్తే చాలు. గుర్తుల బొమ్మలు బట్టీపట్టి పాసైనవారు, మైదానంలో ఎనిమిది అంకె చుట్టూ బండి తిప్పి చూపినవారు రోడ్డు తెలిసినవారై పోరు. "అన్నీ ఆఫీసు బయట ఏజెంటు చూసుకుంటాడు" అనే ధోరణి మరీ శోచనీయం. అచ్చు కాగితం కొనుక్కోవచ్చు, రోడ్డు మీద కావలసిన తెలివి ఏ ఏజెంటూ అమ్మడు.

జంక్షన్ల దగ్గర పెరిగిన తుమ్మచెట్లు, హెచ్చరిక పలక లేని మలుపులు, గుంతలు, సున్నపు గీత చెరిగిపోయి చీకట్లో కనబడని స్పీడు బ్రేకర్లు ప్రాణాలు తీస్తున్నాయి. వీటి బాధ్యత సంబంధిత శాఖలదే. జనవరిలో రోడ్డు భద్రత పేరుతో ర్యాలీ తీసి, కరపత్రాలు పంచి, ఫొటోలు దిగి ఊరుకుంటే మిగిలిన పదకొండు నెలలు ఏ పలకా నిలబడదు.

గ్రామం చేయగలిగిన పని

ప్రభుత్వం వచ్చి నేర్పేదాకా ఆగనక్కరలేదు. పల్లెల్లో ఆర్టీసీలో పాతిక, ముప్పయి ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన డ్రైవర్లున్నారు. ఏళ్ళ తరబడి ప్రమాదం చేయలేదని సంస్థ చేత సన్మానం పొందినవారూ వారిలో ఉన్నారు. చెట్టు కింద కూర్చుని కాలక్షేపం చేసే ఆ పెద్దమనుషుల దగ్గరున్న చదువు ఏ పుస్తకంలోనూ లేదు. గ్రామ పంచాయతీ వారిని పిలిచి శాలువా కప్పి, నెలకు రెండు ఆదివారాలు పిల్లలకు నేర్పమని అడిగితే కాదనరు. బడి మైదానంలో సున్నంతో నాలుగు దారుల కూడలి గీసి, ఎక్కడ ఆగాలి, ఎటు చూడాలి, ఎవరికి దారి ఇవ్వాలి అని నడిచి చూపించవచ్చు. దానికి పెట్రోలు కూడా అక్కరలేదు. ఆడపిల్లలకు కూడా ఈ చదువు సమానంగా చెప్పాలి. స్కూటీ మీద నలుగురిలో ఒంటరిగా పోయే ఆడపిల్లకు ఇది మరీ అవసరం.

మోటారు వాహనాల తనిఖీ అధికారులు ఏడాదికి రెండుసార్లయినా మండల కేంద్రానికి వచ్చి అక్కడే పాఠం చెప్పి లర్నింగ్ లైసెన్సులు ఇస్తే, పల్లెవాసులకు ఏజెంటు గడప తొక్కే బాధ తప్పుతుంది. రాజన్న సిరిసిల్ల జిల్లా మండెపల్లిలో డ్రైవింగు శిక్షణ కోసం ప్రత్యేకంగా సంస్థను ఏర్పాటు చేశారు. ఇంత పొడవున జాతీయ రహదారి పోయే ఈ ప్రాంతానికి కూడా అటువంటి సౌకర్యం కావాలని ప్రజాప్రతినిధులు పట్టుబట్టాలి. జూనియర్ కాలేజీల ప్రిన్సిపాళ్ళు లైసెన్సు, హెల్మెటు లేని విద్యార్థి బండిని గేటు లోపలికి రానివ్వకూడదు. ఆ సంగతి ఇంటికి కబురు చేయాలి. యువజన సంఘాలవారు వినాయక చవితి చందాల్లో కొంత తీసి ఊరి ట్రాలీలన్నిటికీ ఎర్ర స్టిక్కర్లు అంటించవచ్చు, ఊరి మొదట్లో కంపచెట్లు నరకవచ్చు.

అన్నిటికంటె ముందుగా ఇంట్లో ఒక కట్టుబాటు రావాలి. పద్దెనిమిదేళ్ళు నిండి లైసెన్సు వచ్చేదాకా తాళంచెవి తల్లి కొంగుకే ఉండాలి. లైసెన్సు వచ్చాక కూడా మొదటి మూడు నెలలు తండ్రో, మేనమామో వెనక కూర్చుని పగటిపూట ఊరి రోడ్డు మీద, ఆ తర్వాత మండల కేంద్రం దాకా, చివరగా హైవే దాకా నడిపించి చూడాలి. రాత్రి ప్రయాణం, వాన ప్రయాణం ఆఖరి పాఠాలు. తండ్రి హెల్మెటు పెట్టుకోకుండా కొడుకుకు చెబితే ఆ మాట చెవికెక్కదు. తండ్రి ఎదురు దిక్కున పోతూ కొడుకును సరిగా పొమ్మంటే నవ్విపోతాడు. పిల్లలు చెప్పింది వినరు, చూసింది చేస్తారు.

ఇంటరులో సీటు వచ్చిందని, పెళ్ళి కుదిరిందని, పంట చేతికొచ్చిందని బండి కొనిపెట్టే తల్లిదండ్రుల ప్రేమను తప్పుబట్టనక్కరలేదు. ఆ ప్రేమకు మూడు నెలల ఓపిక తోడైతే చాలు. బండి షోరూములో ఎప్పుడైనా దొరుకుతుంది. అప్పు చేసైనా, వాయిదాల మీదనైనా తెచ్చుకోవచ్చు. ఇరవై ఏళ్ళు పెంచిన కొడుకును, బిడ్డను తిరిగి తెచ్చే వాయిదా పద్ధతి ఎక్కడా లేదు. వచ్చే గ్రామసభలో మంచినీళ్ళు, మురికి కాల్వలతోపాటు ఈ సంగతి కూడా చర్చకు పెట్టి, ప్రతి ఊరూ తనకు తాను ఒక తీర్మానం చేసుకోవడం ఎంతైనా అవసరం.